పంజరంలోదా, ట్యాంకులోదా, ఏటికి ఎదురీదిందా: ఏ సాల్మన్ మేలు?

మా అక్క వాంకూవర్ దగ్గర సర్రేలో ఉంటుంది. మొన్నొక శనివారం చేపల కౌంటర్ ముందు నిలబడి వీడియో కాల్ చేసింది. "ఒరేయ్, ఇక్కడ మూడు రకాల సాల్మన్ ఉంది. ఒకటి సముద్రంలో పెంచిందట, ఇంకోటి ఒడ్డు మీద ట్యాంకులో పెంచిందట, ఫ్రీజర్‌లో ఉన్నది వేటాడి పట్టిందట. ఏది తీసుకోను?"

రుచి సంగతి అడుగుతోందనుకున్నా. కాదు. వాళ్ల పాప స్కూల్లో సాల్మన్ మీద ప్రాజెక్టు చేసి వచ్చి, సముద్రంలో పెంచిన చేప వండితే తిననని భీష్మించుకుందట.

నేను ఉండేది సియాటిల్ పక్కన. పుట్టి పెరిగింది మాత్రం భీమవరం వైపు, చేపల చెరువుల గట్ల మీద. అందుకే "పెంపకం పాపం, వేట పుణ్యం" అంటే నాకు అంత తేలిగ్గా మింగుడుపడదు. పెంచడంలో తప్పేముంది? శీలావతి, బొచ్చె పెంచే కదా ఊళ్లకి ఊళ్లు బతుకుతున్నాయి. కానీ ఇక్కడికొచ్చాక ఈ సముద్రపు పెంపకం ఎలా చేస్తారో తెలుసుకున్నప్పుడు నాకు మొదట తట్టిన ప్రశ్న ఒకటే. దీనికి గట్టు ఏది?

అక్కకి ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఇదంతా ఆ మిగిలిన ముక్కలు.

ముందు ఈ చేప నడత తెలియాలి. మన పులసని తలుచుకుంటే సగం అర్థమైనట్టే. సముద్రంలో తిరిగే చేప వరద నీటి వాసన పట్టి గోదావరిలో ఎదురీదుతుంది. సాల్మన్ కూడా అంతే. ఏట్లో పుడుతుంది, పిల్లగా సముద్రానికి పోతుంది, అక్కడ ఏడాది నుంచి నాలుగైదేళ్లు పెరిగి, పుట్టిన ఏటినే వాసనతో వెతుక్కుంటూ వెనక్కి వస్తుంది. పసిఫిక్ వైపు ఉన్న సాకై, చినూక్, కోహో, చమ్, పింక్ అనే ఐదు రకాలూ గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. అట్లాంటిక్ సాల్మన్‌లో కొన్ని బతికి మళ్లీ సముద్రానికి పోతాయి. పులసకి ధవళేశ్వరం అడ్డు పడ్డట్టే వీటికి కొలంబియా నది మీద గ్రాండ్ కూలీ లాంటి ఆనకట్టలు అడ్డు పడ్డాయి. అడవులు నరికారు, ఏరుల్లో నీళ్లు వేడెక్కాయి. కాబట్టి ఏటి సాల్మన్ తగ్గిపోవడానికి కారణం పెంపకం ఒక్కటే అని ఎవరైనా అంటే నమ్మకండి. అలాగని పెంపకానికి సంబంధమే లేదు అంటే అసలే నమ్మకండి.

సముద్రంలో వల పంజరం

1970లో నార్వేలోని హిట్రా దీవి దగ్గర ఇద్దరు అన్నదమ్ములు నీళ్లలో తేలే పంజరాల్లో సాల్మన్ పెంచి చూపించారు. దాంతో ఈ వ్యాపారం ఊపందుకుంది. ఇప్పుడు నార్వే ఒక్కటే ఏటా దాదాపు 15 లక్షల టన్నులు తీస్తోంది. తర్వాత చిలీ, ఆ తర్వాత స్కాట్లాండ్, ఫారో దీవులు, కెనడా. షాపులో "అట్లాంటిక్ సాల్మన్" అని రాసి ఉంటే అది పెంచిందే అనుకోవచ్చు. అట్లాంటిక్‌లో పుట్టి పెరిగిన ఏటి చేప మార్కెట్‌కి రావడం దాదాపు లేదు.

పంజరం అంటే నీళ్ల మీద తేలే పెద్ద రింగు, దాని కింద వేలాడే వల సంచి. నార్వే రూల్ ప్రకారం ఒక్క పంజరంలో రెండు లక్షల చేపల దాకా వేయవచ్చు. ఆ లెక్క చిన్నదిగా కనిపిస్తే ఇంకో లెక్క చూడండి. 1980ల్లో నార్వే తీరానికి సముద్రం నుంచి ఏటా పది లక్షలకు పైగా ఏటి సాల్మన్ తిరిగొచ్చేవి. ఈ మధ్య ఏళ్లలో ఐదు లక్షల లోపే వస్తున్నాయి. అంటే మూడు పంజరాల్లోని చేపలు, ఆ దేశపు నదులన్నిటికీ తిరిగొచ్చే చేపలకన్నా ఎక్కువ. ఒక్కో చోట అలాంటివి పది దాకా ఉంటాయి.

ఇక గట్టు సంగతి. మన చెరువులో పేను పడితే అది ఆ చెరువు రైతు తలనొప్పి. డ్రెయిన్‌లోకి నీళ్లు వదిలినప్పుడు పక్కవాడికీ తగులుకుంటుంది, నిజమే, ఆ గొడవలు మనకి కొత్తేం కాదు. కానీ ఎంతైనా మధ్యలో మట్టి గట్టు ఒకటి ఉంది. ఇక్కడ ఉన్నది వల. నీళ్లు, రెట్ట, మిగిలిన మేత, మందు, రోగం, పేను అన్నీ అటూ ఇటూ పోతాయి. ఆగేది చేప ఒక్కటే, అదీ వల చిరగనంత వరకు.

సముద్రపు పేను కథ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు తగాదా అంతా దాని చుట్టూనే. ఆ పేను కొత్తదేం కాదు, పెద్ద సాల్మన్ ఒంటి మీద ఎప్పుడూ ఉంటుంది. ప్రకృతి దానికి ఒక ఏర్పాటు చేసుకుంది. వసంతంలో పిల్లలు ఏటి నుంచి సముద్రంలోకి దిగే వేళకి పెద్ద చేపలు తీరం దగ్గర పెద్దగా ఉండవు. పేను ఎక్కడానికి ఒళ్లు దొరకదు. పిల్లలు పొలుసు గట్టిపడేదాకా క్షేమంగా ఉంటాయి. ఇప్పుడు ఆ దారిలో, సరిగ్గా ఏటి మొగల దగ్గర, లక్షల చేపల్ని ఏడాది పొడవునా నిలబెట్టారు. చలికాలమంతా పేనుకి విందు. పింక్ సాల్మన్ పిల్ల సముద్రంలో దిగేటప్పుడు గ్రాము బరువు కూడా ఉండదు. దానికి ఒకటి రెండు పేలు పట్టినా చాలు, చచ్చిపోవచ్చు.

బ్రిటిష్ కొలంబియాలో బ్రాటన్ దీవుల దగ్గర 2001లో సాల్మన్ పిల్లల ఒంటి మీద పేలు కనిపించడాన్ని అలెగ్జాండ్రా మోర్టన్ అనే జీవశాస్త్రవేత్త బయటపెట్టారు. ఆవిడ నిజానికి తిమింగలాల మీద పరిశోధనకి అక్కడికి వెళ్లినావిడ. ఆ తర్వాత 2009లో ఫ్రేజర్ నదికి కోటికి పైగా సాకై వస్తాయని అంచనా వేస్తే 15 లక్షలకు మించలేదు. కెనడా ప్రభుత్వం జస్టిస్ కోహెన్ కమిషన్ వేసింది. 2012లో రిపోర్టు వచ్చింది. ఫలానా కారణం వల్లే అని కమిషన్ తేల్చలేదు. కానీ పిల్లలు వెళ్లే సన్నటి దారిలో ఉన్న డిస్కవరీ దీవుల పంజరాల వల్ల ముప్పు అతి స్వల్పమని 2020 సెప్టెంబర్ నాటికి రుజువు కాకపోతే వాటిని తీసేయాలంది. తమాషా ఏమిటంటే 2010లోనే అదే నదికి దాదాపు మూడు కోట్ల సాకై వచ్చాయి. పెంపకందార్లు ఇప్పటికీ ఆ ఏడాదినే చూపిస్తారు. వాదనలో బలం లేకపోలేదు. కానీ ఒక్క ఏడాది వాన బాగా పడిందని కరువు లేనట్టు కాదు కదా.

2020లో గడువు దగ్గరపడ్డాక ఫిషరీస్ శాఖ తొమ్మిది రోగాల్ని పరిశీలించి, అన్నిటి ముప్పూ స్వల్పమే అంది. ఆ తొమ్మిదింటిలో పేను లేదు! అక్కడే జనానికి ఒళ్లు మండింది. చివరికి 2023లో డిస్కవరీ దీవుల లైసెన్సుల్ని ఇక పొడిగించేది లేదని ప్రభుత్వం తేల్చేసింది. 2024 జూన్‌లో, 2029 జూన్ 30 తర్వాత బ్రిటిష్ కొలంబియా సముద్రంలో సాల్మన్‌కి వల పంజరాలు ఉండకూడదని ప్రభుత్వం ప్రకటించింది. అక్కడి ఆదివాసీ జాతుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. బ్రాటన్ దగ్గరి నమ్‌గిస్ లాంటి జాతులు పంజరాలు తీసేయమని పోరాడాయి. క్లెమ్టూలో కిటాసూ హైహైస్ జాతి మాత్రం, మా ఊళ్లో ఉద్యోగాలిచ్చేది ఇదే, మా నీళ్లలో ఏం చేయాలో మేం తేల్చుకుంటాం అంటుంది. వేల మైళ్ల అవతల నుంచి వచ్చిన నేను వాళ్లకి నీతులు చెప్పలేను.

పేనుకి మందుల విషయానికొస్తే, మన మిరప తోటల్లో పురుగుకి కొట్టే ఎమామెక్టిన్ బెంజోయేట్ గుర్తుందా? ఇక్కడ దాన్ని మేతలో కలిపి చేపకి పెడతారు. పురుగు మందుకి అలవాటు పడ్డట్టే పేనూ అలవాటు పడింది. మిరప రైతుకి చెప్పక్కర్లేని కథ. దాంతో హైడ్రోజన్ పెరాక్సైడ్ స్నానాలు, గోరువెచ్చటి నీళ్లలో ముంచి పేలు రాల్చే యంత్రాలు, పేలు ఏరుకుని తినే లంప్‌ఫిష్ లాంటి చేపలు వచ్చాయి. చల్లటి నీళ్ల చేపని 30 డిగ్రీల నీళ్లలో ముంచితే దాని పాట్లు ఊహించుకోవచ్చు. 2023లో నార్వే సముద్రపు పంజరాల్లో చచ్చిన సాల్మన్ 6 కోట్ల 28 లక్షలు, వంద చేపలకి దాదాపు పదిహేడు. మా నాన్న చెరువులో ఏటేటా ఇలా తేలితే లీజు వదిలేసేవాడు. ఇక్కడ చేప ధర ఎంత బాగుందంటే ఇంత నష్టమూ లెక్కలో కలిసిపోతుంది.

తప్పించుకునే చేపలు ఇంకో గొడవ. 2017 ఆగస్టులో మా వాషింగ్టన్ రాష్ట్రంలో సైప్రస్ దీవి దగ్గర పంజరం కూలి సుమారు రెండున్నర లక్షల అట్లాంటిక్ సాల్మన్ పసిఫిక్‌లోకి పోయాయి. అది సూర్యగ్రహణం వారం. గ్రహణం వల్ల పోటు ఎక్కువగా వచ్చిందని కంపెనీ మొదట చెప్పింది. మన దగ్గర గ్రహణం మీదికి ఏదైనా తోసేయొచ్చు గానీ ఇక్కడ కుదరలేదు. వలలకి పట్టిన ఆల్చిప్పలు, నాచు శుభ్రం చేయక వంద టన్నులకు పైగా బరువు పేరుకుని కూలిందని రాష్ట్రం విచారణలో తేలింది. దొరికినన్ని పట్టుకుపొమ్మని గేలం వాళ్లకి చెప్పేశారు. 2018లో స్థానికం కాని చేపల పంజరాలకి చట్టంతో స్వస్తి పలికారు.

మా దగ్గర తప్పించుకున్నవి వేరే జాతి కాబట్టి పసిఫిక్ సాల్మన్‌తో కలవడం దాదాపు ఉండదు. నార్వేలో అలా కాదు, రెండూ ఒకే జాతి. త్వరగా బరువు పెరగాలని తరాల తరబడి ఏరి కూర్చిన చేప, ఏటి చేపతో జత కడితే పుట్టే పిల్లకి ఏట్లో బతికే నేర్పు తగ్గుతుంది. నార్వేలో పరీక్షించిన నదుల్లో మూడింట రెండొంతుల చోట్ల ఈ కలగలుపు కనిపించింది. 2024 వేసవిలో చేప మరీ తక్కువ వచ్చిందని 33 నదుల్లో వేట సీజన్ మధ్యలోనే ఆపేశారు. 2023లో ఐస్‌లాండ్‌లో ఒక పంజరం నుంచి మూడున్నర వేల చేపలు బయటపడితే, ఏరుల్లోకి ఈతగాళ్లని దింపి బల్లేలతో పొడిచి మరీ ఏరించారు. ఆ ఈతగాళ్లని నార్వే నుంచే పిలిపించారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చిలీ దక్షిణార్ధగోళంలో ఉంది. అక్కడ ఏటి సాల్మనే లేదు, అంతా బయటి నుంచి తెచ్చిందే. అంటే ఏటి సాల్మన్‌కి హాని అన్న ఒక్క కొలబద్దతో చూస్తే చిలీ చేప నార్వే చేపకన్నా నయం! కానీ చిలీ ఇప్పటికీ ఏటా వందల టన్నుల యాంటీబయాటిక్స్ వాడుతుంది, అక్కడ వచ్చే ఒక బాక్టీరియా జబ్బుకి టీకా సరిగ్గా పనిచేయక. నార్వే 1987లో దాదాపు 50 టన్నులు వాడేది, టీకాలు వచ్చాక ఆ వాడకం దాదాపు పోయింది. అంటే పంజరాల్లోనూ అన్నీ ఒకటి కావు. ఒకచోట మెచ్చుకోదగ్గది ఇంకోచోట లేదు.

ఒడ్డు మీద ట్యాంకు

దీనికి గట్టు ఉంది, కాంక్రీటు గట్టే. నీటిని వడపోసి, బాక్టీరియాతో అమ్మోనియా విరగ్గొట్టి, ఆక్సిజన్ కలిపి అదే నీటిని తిప్పి తిప్పి వాడతారు. పేను రాదు, చేప పారిపోదు, రెట్టని పట్టి ఎరువు చేయొచ్చు. నమ్‌గిస్ జాతే 2013లో వాంకూవర్ దీవి మీద కుటెర్రా అనే పేరుతో ఇలాంటిది పెట్టి, పంజరం లేకుండానూ పెంచొచ్చని చూపించింది. గట్టు కావాలన్న నా లెక్క ప్రకారం ఇదే గెలవాలి.

గెలవలేదు, ఎందుకంటే కరెంటు. సముద్రం ఉచితంగా చేసే పని, అంటే నీళ్లు కదపడం, చల్లబరచడం, మురికి మోసుకుపోవడం, ఇక్కడ మోటారు చేయాలి. ఏరియేటర్లు ఆగిన తెల్లవారుజామున చెరువు గట్టు మీద పరిగెత్తిన వాళ్లకి తెలుసు, ఆక్సిజన్ పడిపోతే ఏమవుతుందో. ట్యాంకులో చేప ఇంకా చిక్కగా ఉంటుంది, టైమ్ ఇంకా తక్కువ. ఫ్లోరిడాలో ఇలాంటి అతి పెద్ద ఫామ్‌లో 2021లో ఒకేసారి వందల టన్నుల చేప చచ్చింది. అదే ఏడాది ఆ కంపెనీకే డెన్మార్క్‌లో ఉన్న ఫామ్ కాలిపోయింది. జలవిద్యుత్ ఉన్న చోట సరే, బొగ్గు కరెంటు మీద నడిపితే సముద్రాన్ని కాపాడి గాలిని పాడుచేసినట్టే. పైగా మట్టి వాసన. మన చెరువు చేపకి వస్తుందే, అదే. అది పోవడానికి అమ్మే ముందు కొన్నాళ్లు మేత ఆపి మంచి నీళ్లలో ఉంచుతారు. ఆ పని సరిగ్గా చేయని చేప నేనోసారి తిన్నాను. ఆ డబ్బుతో రెండు వారాల కూరగాయలు వచ్చేవి.

ట్యాంకైనా పంజరమైనా మేత మాత్రం ఒకటే. సాల్మన్ వేటాడి తినే జాతి, తవుడు, చెక్క పెడితే పెరగదు. 1990 నాటికి నార్వే మేతలో తొంభై శాతం సముద్రపు చేపల పొడి, నూనె. ఇప్పుడు అది పావు వంతుకి దగ్గరగా తగ్గింది, మిగతా చోట్ల సోయా, ఆవ జాతి నూనె వచ్చాయి. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ సోయాలో చాలా భాగం బ్రెజిల్‌ది, చేపల పొడిలో కొంత పెరూ నెత్తళ్ల జాతిది, కొంత పశ్చిమ ఆఫ్రికా తీరపు కవళ్ల జాతిది. సెనెగల్, గాంబియాలో అదే చేప పేదవాడి కూర.

వేట చేప

చేపల పెంపకాన్ని అలాస్కా 1990లోనే చట్టంతో నిషేధించింది. వేటకి వాళ్ల పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. బ్రిస్టల్ బే నదుల గట్ల మీద చిన్న మంచెలు కట్టి, మనుషులు గంటకి పది నిమిషాల చొప్పున కింద పోయే చేపల్ని లెక్కపెడతారు. గుడ్లు పెట్టడానికి కావలసినన్ని పైకి పోయాయని తేలేదాకా పడవలకి అనుమతి ఇవ్వరు, లెక్క తగ్గితే అప్పటికప్పుడు ఆపేస్తారు. 2022లో ఆ ఒక్క చోటికే దాదాపు 8 కోట్ల సాకై వచ్చాయి, అందులో 6 కోట్ల దాకా పట్టారు. ఆ చేపకి మేత ఎవరూ పెట్టలేదు, మందు ఎవరూ వేయలేదు. దాని ఎరుపు అది తిన్న రొయ్య జాతి పురుగులది. పంజరం చేపకి ఆ రంగు మేతలో కలిపి ఇవ్వాలి.

అయితే వేట అన్న మాట చూసి కళ్లు మూసుకుని కొనొద్దు. అలాస్కా పింక్, చమ్ చేపల్లో చాలా భాగం హేచరీలో పొదిగి సముద్రంలో వదిలినవే. ఏటా వంద కోట్లకు పైగా పిల్లల్ని వదులుతారు, అవి ఏటి చేపల తిండికి పోటీ అని శాస్త్రవేత్తల గొడవ. అదే అలాస్కాలో యూకాన్ నది చినూక్ ఎంత పడిపోయిందంటే 2024లో కెనడాతో కలిసి ఏడేళ్లు పట్టకూడదని ఒప్పందం చేసుకున్నారు. మా సియాటిల్ నీళ్లలో తిరిగే ఓర్కా తిమింగలాలు డెబ్భై చిల్లర మిగిలాయి, వాటి ముఖ్యమైన తిండి చినూకే. ఆ ముక్క నేను కొనను. ఇది లెక్క కాదు, మనసు ఒప్పక.

పైగా వేట చేప అందరికీ చాలదు. పసిఫిక్ అంతా కలిపినా ఏటా పట్టేది పది లక్షల టన్నులకు అటూ ఇటూ, కొన్నేళ్లు బాగా తక్కువ. పెంచేది దానికి రెండు మూడు రెట్లు. రేపటి నుంచి అందరూ సాకైయే తింటాం అంటే ఆ మంచెల మీద మనుషులకి లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు.

అయితే ఏది?

నా వరుస ఇది. మొదట బ్రిస్టల్ బే సాకై, అదీ ఫ్రోజెన్‌ది. "ఫ్రెష్" అన్న మాటకి మనం ఎక్కువ విలువిస్తాం గానీ విమానంలో వచ్చిన తాజా చేపకన్నా ఓడలో, లారీలో వచ్చిన గడ్డకట్టిన చేప గాలికి చాలా తక్కువ చేటు. రెండోది ట్యాంకు చేప, మనం ఉండే చోటికి దగ్గరలో పెంచింది, జలవిద్యుత్ మీద నడిచేది అయితే. అక్క ఉండే బ్రిటిష్ కొలంబియాలో కరెంటు చాలావరకు జలవిద్యుత్తే కాబట్టి ఆమెకి ఇది నాకన్నా సులువు. మూడోది వల పంజరం చేప. వీటిలోనూ ఏటి సాల్మన్ దారిలో పెట్టిన పంజరాలది అన్నిటికన్నా చివర. వల వాడొద్దని నేననను, ఏటి మొగలో పెట్టొద్దంటాను.

హైదరాబాద్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి వేరే మాట. అక్కడ సూపర్ మార్కెట్లో దొరికేది ఎక్కువగా పంజరం చేపే. "ఇండియన్ సాల్మన్" అని రాసి ఉంటే అది సాల్మన్ కానే కాదు, మన మాగ, ముంబైవాళ్లు రావస్ అంటారు, మంచి చేపే. ఒమేగా త్రీ కోసమే సాల్మన్ అనుకునేవాళ్లు కవళ్లు, కానాగంతలు తినొచ్చు. చవక కూడాను.

అక్క చివరికి సాకై కొంది. పాప తింది. కానీ సాయంత్రం మళ్లీ ఫోన్: "పులుసులో వేస్తే చెక్కలా అయిందిరా, ఇంత డబ్బు పోసి!" సాకైకి కొవ్వు తక్కువ, పంజరం చేపలా మరిగేకొద్దీ మెత్తగా ఉండదు. పులుసు అంతా చిక్కబడ్డాక ముక్కలు వేసి, మూత పెట్టి నాలుగు నిమిషాల్లో పొయ్యి ఆపేయమన్నాను. ఈ ఆదివారం మళ్లీ చేస్తానంది.